పెద్ద హార్న్ స్పీకర్లు ఇంట్లో చేసుకోవచ్చా? ముందు మిడ్ హార్న్ చేయండి, బాస్ హార్న్ సంగతి గదిని చూసి తేల్చుకోండి

ప్రశ్న: వడ్రంగం పని కొద్దిగా వచ్చు. పాత థియేటర్లలో ఉండే లాంటి పెద్ద హార్న్ స్పీకర్లు సొంతంగా చేసుకోవాలని చాలాకాలంగా కోరిక. బాస్ నుంచి ట్రెబుల్ దాకా అంతా హార్నే కావాలి. మామూలు ఇంట్లో ఇది కుదిరే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? చిన్న ఆంప్లిఫయర్ సరిపోతుందా?

జవాబు:

కుదురుతుంది. ఈ పిచ్చిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇప్పుడు మా ఇంట్లో మోగుతున్న స్పీకర్లు బాస్‌తో సహా అన్నీ హార్న్‌లే, అన్నీ నా చేత్తో చేసుకున్నవే. అయినా మీకు చెప్పేది ఒకటే: ముందు మిడ్ హార్న్ (బాస్‌కి పైన ఉండే మధ్య శ్రుతుల కోసం) ఒక జత చేయండి. బాస్‌కి కింద మామూలు పెట్టె పెట్టండి. ఆ జతతో కొన్నాళ్లు హాయిగా పాటలు వినండి. బాస్ హార్న్ చేయాలా వద్దా అన్నది మీ గది తేల్చాలి. పనితనం ఎంత ఉన్నా గది ఒప్పుకోకపోతే లాభం లేదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

స్పీకర్ కోన్ బరువైంది, గాలి తేలిక. కోన్ ఎంత ఊగినా దాని శక్తిలో చాలా భాగం గాలికి అందదు. మామూలు స్పీకర్‌కి ఇచ్చిన పవర్‌లో ఒక శాతం అటూ ఇటూగా మాత్రమే శబ్దంగా మారుతుంది, మిగతాదంతా కాయిల్‌లో వేడిగా పోతుంది. దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెడతాం కదా, హార్న్ చేసేదీ అదే. ఇరుకైన గొంతు దగ్గర గాలిని ఒత్తిడితో పట్టుకుని, క్రమంగా విశాలమవుతూ పెద్ద నోటి దాకా తీసుకెళ్లి గదిలోకి వదులుతుంది. మామూలు పెట్టె స్పీకర్ ఒక వాట్‌కి మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ ఇస్తే, మంచి హార్న్ 105 దాకా ఇస్తుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కీ పవర్ పది రెట్లు కావాలి కాబట్టి ఆ తేడా మామూలుది కాదు. పైగా అంత శబ్దానికీ డయాఫ్రమ్ (ఊగి శబ్దం పుట్టించే పల్చటి పొర) కదిలేది చాలా తక్కువ, దాంతో డిస్టార్షన్ కూడా తగ్గుతుంది. నన్ను కట్టిపడేసింది ఈ రెండో గుణమే. గట్టిగా పెట్టినా చెవికి ఒత్తిడి అనిపించదు. డ్రమ్ మీద పుల్ల పడిన ఆ మొదటి క్షణం చెక్కినట్టు వినిపిస్తుంది.

1926లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు 555 డ్రైవర్ (హార్న్ గొంతు దగ్గర బిగించే, శబ్దం పుట్టించే భాగం) తెచ్చినప్పుడు సినిమా హాలు మొత్తానికీ ఉన్నది కొద్దిపాటి వాట్లే, అందుకే మనిషి కంటే పెద్ద హార్న్‌లు కట్టారు. అంతకు ఏడాది ముందే రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇప్పుడు మనం వాడే రకం కోన్ స్పీకర్ గురించి ప్రకటించారు. వాట్లు చవకయ్యేకొద్దీ ఇళ్లలోంచి హార్న్ తప్పుకుంది, థియేటర్లలో మాత్రం ఉండిపోయింది. మీరు చూసిన పాత థియేటర్ స్పీకర్లు బహుశా 1945లో వచ్చిన ఆల్టెక్ 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' తరహావే అయి ఉంటాయి. వాటిలో కూడా బాస్ పూర్తి హార్న్ కాదు. ముందు పొట్టి హార్న్, అట్టడుగు బాస్‌కి రిఫ్లెక్స్ పెట్టె (గాలి రంధ్రం ఉన్న పెట్టె), రెండూ కలిపి చేశారు. థియేటర్ అంత జాగా ఉన్నవాళ్లే అలా సర్దుకున్నారన్నది గుర్తుపెట్టుకోండి.

ఇక లెక్క. హార్న్ ఎంత కింది ఫ్రీక్వెన్సీ దాకా పనిచేయాలో దాన్నిబట్టి నోటి సైజు వస్తుంది. ఖాళీ జాగాలో పెట్టిన గుండ్రటి హార్న్ అయితే నోటి చుట్టుకొలత దాదాపు ఆ ఫ్రీక్వెన్సీ తరంగం పొడవంత ఉండాలి. శబ్దం సెకనుకి 344 మీటర్లు పోతుంది, కాబట్టి 40 హెర్ట్జ్ తరంగం 8.6 మీటర్లు. అంటే నోటి వ్యాసం 2.7 మీటర్లు! పొడవు కూడా తక్కువేం కాదు. ఎక్స్‌పొనెన్షియల్ హార్న్‌లో వైశాల్యం సమాన దూరాల్లో రెట్టింపవుతూ పోతుంది, 40 హెర్ట్జ్‌కి ఆ దూరం 47 సెంటీమీటర్లు. 500 చదరపు సెంటీమీటర్ల గొంతుతో మొదలుపెడితే ఆ నోటి దాకా చేరడానికి 3.3 మీటర్ల హార్న్ కావాలి. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. కొందరు ఇంటి పునాదిలోనే కాంక్రీట్‌తో బాస్ హార్న్ పోసుకున్నారంటే అందుకే.

దీనికి దారి చూపించింది అమెరికన్ ఇంజనీర్ పాల్ క్లిప్ష్. నేల, రెండు గోడలు కలిసే మూలలో పెడితే శబ్దం పరుచుకునే జాగా ఎనిమిదో వంతుకి తగ్గుతుంది, కాబట్టి నోరు కూడా ఎనిమిదో వంతు చాలు. 5.9 చదరపు మీటర్లు కాస్తా 0.74కి దిగుతుంది. పొడవు 1.8 మీటర్లకి తగ్గుతుంది, దాన్ని లోపల మడతలు పెట్టి బీరువా అంత పెట్టెలో ఇమడ్చవచ్చు. ఆయన 1946లో అమ్మకానికి తెచ్చిన క్లిప్ష్‌హార్న్‌లో కిటుకు ఇదే, గది గోడలే హార్న్ చివరి భాగం అయిపోతాయి. కానీ దీనికి ఒకే గోడకి రెండు చివరలా ఖాళీగా ఉన్న మూలలు రెండు కావాలి. అక్కడ తలుపు ఉండకూడదు, కిటికీ ఉండకూడదు, గోడ పల్చటి పార్టిషన్ అయి ఉండకూడదు. ఎన్ని ఇళ్లలో ఉంటాయి చెప్పండి అలాంటి మూలలు? నోరు చిన్నది చేసి సర్దుకుందామంటే శబ్దం నోటి దగ్గర తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. ఒక స్వరం ఉబ్బుతుంది, పక్క స్వరం మాయమవుతుంది. అంతకంటే మంచి రిఫ్లెక్స్ పెట్టె నయం.

అదే లెక్క 300 హెర్ట్జ్‌కి వేసి చూడండి. నోటి వ్యాసం 36 సెంటీమీటర్లు చాలు. ఒక అంగుళం గొంతు నుంచి ఎక్స్‌పొనెన్షియల్ అయితే 48 సెంటీమీటర్ల పొడవు, ట్రాక్ట్రిక్స్ అనే ఇంకో ఆకారం అయితే 43. ఇది బల్ల మీద పెట్టుకుని చేసుకోగలిగే వస్తువు. మనిషి గొంతు, వయొలిన్, డ్రమ్ దెబ్బ, వీటిలో మన చెవి పట్టుకునేదంతా ఎక్కువగా ఉండేది ఈ హార్న్ పాడే మేరలోనే. అందుకే ఖర్చు పెట్టిన శ్రమకి ఇక్కడ దొరికినంత ఫలితం మరెక్కడా దొరకదని నా నమ్మకం.

ఏ ప్రొఫైల్ (హార్న్ లోపలి వంపు) మంచిదన్న చర్చకి అంతుండదు. మొదటి జతకి నేను ట్రాక్ట్రిక్స్ చేయమంటాను. 1920లలో ఇంగ్లండ్ ఇంజనీర్ పాల్ వోయిట్ వాడిన ఆకారం ఇది. కాస్త పొట్టి, నోరు చివర పూర్తిగా పక్కకి తిరిగిపోతుంది కాబట్టి అంచు దగ్గర శబ్దం వెనక్కి కొట్టడం తక్కువ. కొలతలకి హార్న్‌రెస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డేవిడ్ మెక్‌బీన్ రాసింది. చూడటానికి బోసిగా ఉంటుంది కానీ మనకి కావలసిందంతా అందులో ఉంది.

తయారీకి నాకు నచ్చిన పద్ధతి ప్లైవుడ్ రింగులు. 18 మిల్లీమీటర్ల ప్లై తీసుకుంటే 43 సెంటీమీటర్లకి 24 రింగులు వస్తాయి. ఒక్కో రింగు లోపలి వ్యాసం ప్రొఫైల్‌ని బట్టి మారుతుంది. రౌటర్‌కి వృత్తం కోసే జిగ్ తగిలించి కోయండి, జిగ్‌సాతో అంత గుండ్రంగా రాదు. ప్రతి రింగుకీ బయటి వైపు రెండు రంధ్రాలు ఒకే చోట వేసి, వాటిలోంచి డోవెల్ కర్రలు దూర్చి పేర్చితే జిగురు తడిగా ఉన్నప్పుడు రింగులు పక్కకి జారవు. నాలుగైదు రింగులు ఒక కట్టగా అంటించి, లోపల నునుపు చేసి, ఆ తర్వాత కట్టల్ని ఒకదానికొకటి కలపండి. మొత్తం ఒకేసారి అంటిస్తే గొంతు లోపలికి చెయ్యి దూరదు.

అంటించగానే లోపలంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు 60 నంబర్ శాండ్‌పేపర్‌తో మెట్లు తీసేసి, తర్వాత 120, చివర 240. ప్రొఫైల్‌ని పల్చటి చెక్క మీద కోసి టెంప్లేట్ చేసుకోండి. దాన్ని లోపలి గోడకి ఆనించి వెనక నుంచి టార్చ్ వేస్తే వెలుతురు సందుల్లోంచి తొంగి చూస్తుంది. వెలుతురు రాని చోట చెక్క ఎక్కువున్నట్టు, అక్కడ రుద్దాలి. నునుపయ్యేకొద్దీ ప్లైవుడ్ పొరలు ముదురు, లేత గీతలుగా బయటపడతాయి. గీతలు అన్ని వైపులా సమాన దూరంలో గుండ్రంగా కనిపిస్తే మీ హార్న్ సరిగ్గా వచ్చినట్టే. ఒక వైపు దగ్గరగా, ఇంకో వైపు ఎడంగా ఉంటే ఎక్కడో ఒంకర ఉన్నట్టు. కొలిచే పరికరం కంటే ముందే ఈ గీతలు చెప్పేస్తాయి.

అన్నిటికంటే ఓపిక పెట్టాల్సింది గొంతు దగ్గరి మొదటి పది సెంటీమీటర్లు. 10,000 హెర్ట్జ్ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లే, కాబట్టి అక్కడ చిన్న గడప ఉన్నా ట్రెబుల్‌కి అడ్డమే. డ్రైవర్ బిగించాక నోటి వైపు నుంచి టార్చ్ వేసి చూడండి, డ్రైవర్ రంధ్రం అంచూ చెక్క అంచూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి. హార్న్ అంటేనే గొట్టంలోంచి అరిచినట్టు ఉంటుందని చాలామంది అనుకోవడానికి కారణం గొంతు దగ్గర కలవకపోవడం, నోరు చాలకపోవడం, హార్న్‌ని దాని హద్దుకి మరీ దగ్గరగా కట్ చేయడం, అంటే అంత కింది ఫ్రీక్వెన్సీ దాకా వాడటం. 300 హెర్ట్జ్ హార్న్‌ని 450 కంటే కింద వాడకండి. డ్రైవర్ తయారీదారు ఇంకా పైన కట్ చేయమంటే ఆ మాటే వినండి.

చెక్క హార్న్ పాటకి తియ్యదనం ఇస్తుందని అంటుంటారు. నేను ఒప్పుకోను. హార్న్ గోడ అసలు మోగకూడదు. మెటికలతో కొట్టి చూస్తే 'టప్' మని ఆగిపోవాలి, 'టంగ్' మని సాగకూడదు. ప్లాస్టర్, ఫైబర్‌గ్లాస్, మందంగా ప్రింట్ చేసిన 3డీ హార్న్, ఏదైనా సరే ఆ పరీక్ష నెగ్గితే చాలు. ఒకటి మాత్రం బతిమాలి చెప్తున్నా: ఎండీఎఫ్ కోసినా, ప్లై రుద్దినా మంచి మాస్క్ లేకుండా మొదలుపెట్టొద్దు.

డ్రైవర్ ఎంపికలో కొత్తవాళ్లని తికమక పెట్టే విషయం ఒకటుంది. హార్న్‌కి బిగించే డ్రైవర్‌ని కంప్రెషన్ డ్రైవర్ అంటారు. 'ఒక అంగుళం కంప్రెషన్ డ్రైవర్' అంటే ఆ అంగుళం బయటికి వచ్చే రంధ్రానిది, డయాఫ్రమ్‌ది కాదు. అంగుళం రకంలో డయాఫ్రమ్ సాధారణంగా 44 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 800 - 1,000 హెర్ట్జ్ పైన వాడటం క్షేమం. 500 దాకా దిగాలంటే 1.4 లేదా 2 అంగుళాల రంధ్రం, 75 నుంచి 100 మిల్లీమీటర్ల డయాఫ్రమ్ ఉన్నది చూడండి. గొంతు కొలత దాన్నిబట్టి మారుతుంది కాబట్టి డ్రైవర్ చేతికొచ్చాకే చెక్క కోయండి. ఎలక్ట్రానిక్ క్రాసోవర్ (బాస్‌ని, పై శ్రుతుల్ని విడదీసి పంపేది) వాడినా సరే, డ్రైవర్‌కి వరుసలో ఒక ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. 8 ఓమ్‌ల డ్రైవర్‌కి 47 మైక్రోఫారడ్ పెడితే 420 హెర్ట్జ్ దగ్గర్నుంచి కింద తగ్గించుకుంటూ వస్తుంది. ఆంప్లిఫయర్ ఆన్ చేసినప్పుడు వచ్చే ఒక్క 'ధబ్' చాలు, పల్చటి డయాఫ్రమ్ పోవడానికి.

బాస్‌కి 15 అంగుళాల ఊఫర్ (బాస్ స్పీకర్), 95 డెసిబెల్స్ పైన ఉన్నది, నూట యాభై లీటర్లకి అటూ ఇటూ పెట్టె. సరైన వాల్యూమ్ ఊఫర్ స్పెసిఫికేషన్లని బట్టి సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవచ్చు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, పెట్టెలు చేయడం మీకు వచ్చే ఉంటుంది. క్రాసోవర్ మాత్రం డీఎస్‌పీ (డిజిటల్‌గా పనిచేసేది) తీసుకోండి. హార్న్ డ్రైవర్ అర మీటరు వెనక ఉంటుంది, ఊఫర్ ముందుంటుంది. ఒక మీటరుకి శబ్దం దాదాపు 2.9 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఆ తేడాని డిలేతో సరిచేయకపోతే క్రాసోవర్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక మెజర్‌మెంట్ మైక్, ఆర్‌ఈడబ్ల్యూ అనే శబ్దం కొలిచే సాఫ్ట్‌వేర్ ఉంటే కంటితో చూసి సర్దవచ్చు. స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా సాగే పరీక్ష శబ్దం) వేసేటప్పుడు నోటికి ఎదురుగా నిలబడొద్దు, చెవులకి రక్షణ పెట్టుకోండి. 100 డెసిబెల్స్ శబ్దం రోజుకి 15 నిమిషాలు మించకూడదని పనిచేసే చోట ఆరోగ్యం గురించి చూసే అమెరికా నియోష్ సంస్థ సిఫారసు. హార్న్‌కి ఆ మోత ఒక్క వాట్ కూడా అక్కర్లేని పని.

నేను ఇలాగే మిడ్ హార్న్, 15 అంగుళాల పెట్టెతో చాలాకాలం ఉన్నాను. బాస్ హార్న్ మొదలుపెట్టింది రెండు మంచి మూలలున్న గది దొరికాకే. ముందు అట్టపెట్టెలు కోసి అసలు సైజులో నమూనా కట్టి మూలలో నిలబెట్టాను. ఇంట్లోవాళ్లు నడిచే దారి, తలుపు తెరుచుకునే మేర, కిటికీ వెలుతురు అన్నీ అప్పుడే తేలిపోయాయి. మీరూ ఈ పని తప్పక చేయండి, అలాగే గది తలుపు వెడల్పు కొలవండి. పూర్తి సైజు 18 మిల్లీమీటర్ల ప్లై షీటు ఒక్కటే 35 కిలోల దాకా ఉంటుంది. పూర్తయిన హార్న్‌ని లేపడం ఇద్దరు మనుషుల పని కాదు. అందుకే నేను భాగాలుగా చేసి గదిలోనే బోల్టులతో బిగించాను. ఫలితం? పెద్ద డ్రమ్ ఉబ్బరం లేకుండా, తోలు బిగువు తెలిసేలా వస్తుంది. ఆ తేడా నాకు ప్రాణం. కానీ మిడ్ హార్న్ మొదటిసారి మోగినప్పుడు వచ్చిన మార్పు దీనికంటే చాలా పెద్దది.

చివరిగా ఆంప్లిఫయర్. హార్న్‌లకి నాలుగైదు వాట్లు ఇంట్లో ధారాళంగా సరిపోతాయి. బాస్ పెట్టెకి మాత్రం విడిగా 50 వాట్లది పెట్టుకోండి. హార్న్ వైపు వాట్ల కంటే నిశ్శబ్దం ముఖ్యం. మామూలు స్పీకర్‌లో వినపడని 'సుస్' శబ్దం 108 డెసిబెల్స్ డ్రైవర్‌లో గదంతా వినిపిస్తుంది. కొనే ముందు ఆంప్లిఫయర్‌ని మీ డ్రైవర్‌కి తగిలించి, పాట పెట్టకుండా, కూర్చునే చోట నుంచి వినండి. వినిపిస్తే రెండు రెసిస్టర్లతో 10 డెసిబెల్స్ తగ్గించే ఎల్-ప్యాడ్ ఒకటి డ్రైవర్ దగ్గర పెట్టండి. కెపాసిటర్‌ని ఎల్-ప్యాడ్‌కి ముందు, ఆంప్లిఫయర్ వైపు ఉంచితే పైన చెప్పిన 420 హెర్ట్జ్ లెక్క మారదు.