సైన్స్ మ్యూజియం పేజీని జనం ఎందుకు చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "హైదరాబాద్‌లో ఒక సైన్స్ మ్యూజియంలో కొత్తగా చేరాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు చూసుకోమన్నారు. ఎన్ని పోస్టులు పెట్టినా ఎవరూ పట్టించుకోవట్లేదు. జనం మ్యూజియం దాకా రావాలంటే ఏం పెట్టాలి?"

ఇదే ఊళ్లో ఇదే పని రెండేళ్లు చేశాను. మ్యూజియం పేరు చెప్పను, కింద మా తప్పులు కూడా రాస్తున్నాను కాబట్టి. నేను చేరేసరికి మా పేజీ నిండా శుభాకాంక్షలే. ఫిబ్రవరి 28 వస్తే సైన్స్ దినోత్సవం పోస్టరు, అందులో సి.వి. రామన్ ఫొటో, పక్కన మా పెద్దసారు ఫొటో, రామన్ కంటే కాస్త పెద్దగా. లైకులు కొట్టేది మా స్టాఫే. మీ పేజీ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుందని నా అనుమానం.

మార్పు ఒక జూలైలో వచ్చింది, అదీ మా గొప్పతనం వల్ల కాదు. మా దగ్గర వాన్ డి గ్రాఫ్ జనరేటర్ ఉండేది. లోపల రబ్బరు బెల్టు తిరుగుతుంటే పైనున్న లోహపు గోళం మీద విద్యుదావేశం పోగవుతుంది. దాని మీద చెయ్యి పెట్టినవాళ్ల జుట్టు నిక్కబొడుచుకుంటుంది. సగం మంది పిల్లలు దానికోసమే వస్తారు. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. బస్సు దిగిన స్కూలు పిల్లలంతా వరసలో నిలబడ్డారు, ఒక్కరి జుట్టూ లేవలేదు. మా టెక్నీషియన్ అన్న హెయిర్ డ్రయ్యర్ తెచ్చి బెల్టుకు వేడిగాలి కొడుతూ తనలో తనే గొణుక్కుంటున్నాడు: "వానాకాలంల గిది మొండికేస్తది. తేమకు కరెంటు నిలవది, కారిపోతది." ఊరికే ఫోన్లో తీసి, "జుట్టు ఎందుకు లేవట్లేదో అన్న మాటల్లో వినండి" అని ఒక్క ముక్క రాసి పెట్టేశాను. మ్యూజిక్ లేదు, లోగో లేదు.

రాత్రికల్లా కామెంట్లు. "అయితే వైజాగ్‌లో ఇది అసలు పనిచేయదా?" "తలకు నూనె రాసుకుని వస్తే?" "చలికాలం స్వెటర్ విప్పుతుంటే చిటపటమనేది ఇదేనా?" మర్నాడు అన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కోదానికీ ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఆ తర్వాతి ఆదివారాల్లో టికెట్ కౌంటర్ దగ్గర "డ్రయ్యర్ అన్న ఇవాళ ఉన్నాడా?" అని అడిగినవాళ్లున్నారు. పైనుంచి మాత్రం చీవాట్లే వచ్చాయి, మన మిషన్ పనిచేయట్లేదని మనమే చాటుకుంటామా అని. కామెంట్లు చూపించాక ఊరుకున్నారు. నాకు మాత్రం ఒక సంగతి తెలిసొచ్చింది: అన్నాళ్లూ మేం చెబుతూ పోయాం తప్ప, ఎదుటివాడు అడగడానికి సందు ఇవ్వలేదు.

ఇలాంటిదే 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలో జరిగింది. ఓక్లహోమా నగరంలోని కౌబాయ్ మ్యూజియం మూతపడ్డప్పుడు ట్విట్టర్ ఖాతాను అక్కడి సెక్యూరిటీ అధికారికి అప్పగించారు. ఆయన హ్యాష్‌ట్యాగ్ పెట్టమంటే # గుర్తు పెట్టకుండా "హ్యాష్‌ట్యాగ్" అనే మాటనే అక్షరాలా టైపు చేశాడు. జనం ఆయన కోసం ఎగబడ్డారు. మీ మ్యూజియంలో కూడా అలాంటి మనిషి ఒకరుంటారు. సాధారణంగా ఆఫీసు గదిలో ఉండరు, చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది.

ఇక మా పెద్ద తప్పు. ఏటా మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ పక్కకు పడకుండా దాని కిందే దాక్కుంటుంది. జీరో షాడో డే. "డాబా మీద స్టీలు గ్లాసు పెట్టి ఫొటో తీసి మా వాట్సాప్ నంబరుకు పంపండి" అని పోస్టు పెట్టాను. ఆలోచన మంచిదే. కానీ "మిట్టమధ్యాహ్నం 12 గంటలకు" అని రాసేశాను. అసలు సమయం 12:12. ఎండలో డాబాలెక్కిన జనం నీడలున్న గ్లాసుల ఫొటోలు పంపుతూ నన్ను కడిగేశారు. ఒకావిడ అయితే "సైన్స్ మ్యూజియమా, జ్యోతిష్యాలయమా?" అన్నారు.

పోస్టు తీసేద్దామా అనుకున్నాను. తీయకుండా తప్పు ఒప్పుకుని, 12 ఎందుకు కాదో రాశాను. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి, అది మన కాకినాడకు దగ్గరగా పోయే గీత. హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, నాలుగు డిగ్రీలకు 16. అంటే మనకు సూర్యుడు 12:16కు నడినెత్తికి రావాలి. కానీ భూకక్ష్య నిఖార్సైన వృత్తం కాదు, పైగా భూమి అక్షం వాలి ఉంది. వీటివల్ల మే మొదట్లో సూర్యుడు గడియారం కంటే మూడు నాలుగు నిమిషాలు ముందుంటాడు. అందుకే 12:12. మేం పెట్టినవాటిలో ఎక్కువగా చేతులు మారింది ఈ లెక్కే. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందని తర్వాత తెలిసింది. "మా విజయవాడలో ఇవాళ నీడ పోలేదేం?" అని ఒక అబ్బాయి అడిగితే, మీరు మాకంటే దక్షిణాన ఉన్నారు, మీకు రెండు మూడు రోజుల ముందే అయిపోయింది అని చెప్పాం.

గ్రహణాలప్పుడు జాగ్రత్త. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు సాయంత్రం, పాక్షిక సూర్యగ్రహణం వచ్చింది కదా. పళ్లెంలో రోకలి నిలబడ్డ వీడియోలు ఎప్పటిలాగే ఫోన్లన్నీ చుట్టొచ్చాయి. మేం మూఢనమ్మకం అనే మాటే వాడలేదు. మర్నాడు మా అమ్మ రోకలి తెచ్చి, పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టి, "గ్రహణం నిన్ననే విడిచింది, మా రోకలికి ఇంకా తెలిసినట్టు లేదు. మీదీ ఇవాళ నిలబెట్టి చూడండి" అని రాశాం. అడుగున పొన్ను (ఇనుప కట్టు) చదునుగా ఉండి, బరువు సరిగ్గా దాని మీద పడేలా ఓపిగ్గా నిలబెడితే ఏ రోజైనా నిలబడుతుంది. మీరు నాస్తికులా అని ఇద్దరు ముగ్గురు గొడవపెట్టుకున్నారు. చాలామంది ఆడవాళ్లు మాత్రం రోకలి ఫొటోలే పంపారు. వెక్కిరించి ఉంటే ఒక్కటీ వచ్చేది కాదు.

చిన్న సంగతులు మరికొన్ని. మీకొచ్చే ప్రశ్నల్లో సగం "సోమవారం తెరుస్తారా?", "పార్కింగ్ ఉందా?", "టిఫిన్ బాక్సు తెచ్చుకోవచ్చా?" అనే ఉంటాయి. చిరాకుపడకుండా ముందు వాటికి జవాబివ్వండి, వచ్చేది వాళ్లే. జుట్టు లేచిన ఒక పాప ఫొటో అడగకుండా పెట్టేసి వాళ్లమ్మ చేత మాటలు పడ్డాను, న్యాయమే. తెలుగులో రాయండి, ఇంగ్లిష్ పోస్టును ఎవరూ ఇంటి గ్రూపులోకి పంపరు. లైకుల్ని నమ్మకండి. మేం కౌంటర్ దగ్గర నోటుబుక్కు పెట్టి "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి గీతలు గీసేవాళ్లం. అందులో ఇన్‌స్టా కంటే "టీచర్ చెప్పారు" అన్న గీతలే ఎక్కువ. ఆ టీచర్‌కు ఎవరు చెప్పారంటే, వాట్సాప్.

నాకు తీరని కోరిక ఒకటుంది. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో స్యూ అనే టి-రెక్స్ డైనోసార్ అస్థిపంజరానికి సొంత ట్విట్టర్ (ఇప్పుడు ఎక్స్) ఖాతా ఉంది, తానే మాట్లాడుతున్నట్టు జోకులేస్తుంది. మన నౌబత్ పహాడ్ మీద, బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి మట్టిలో దొరికిన ఎముకలవి, శాస్త్రీయ నామంలోనే యామనపల్లి ఉంది. అది ఆదిలాబాద్ యాసలో మాట్లాడితే ఎట్లుంటదో ఊహించుకోండి. ఎవరైనా మొదలుపెడితే మొదటి ఫాలోవర్ని నేనే.

నీడ మాయమయ్యే అవకాశం ఏటా ఇంకోటి కూడా ఉంది, మే తర్వాత సూర్యుడు మళ్లీ మన నడినెత్తికి వచ్చేది ఆగస్టు 3 ప్రాంతంలో. అప్పటికి గడియారం కంటే ఆరు నిమిషాలు వెనకబడి ఉంటాడు కాబట్టి 12:22, 12:23 మధ్య. పోస్టు పెట్టేముందు నిమిషాలు ఇంకొకరి చేత చూపించండి.