వైఫై లేని లినక్స్ గురించి అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ ఎక్కించావట, వైఫై గుర్తే కనపడట్లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటది ఈ యవ్వారం, నెట్ రావాలంటే వైఫై చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి. కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ మాత్రం చెయ్యకు, చేసినా అక్కడికే వస్తావ్.

ముందు లోపల ఏ చిప్ ఉందో చూడు. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ (lspci) అని కొట్టి నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైను వెతుకు. ఇంటెల్ అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంటది, మహా అయితే చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైల్ తక్కువై ఉంటది. బ్రాడ్‌కామ్ అని, పక్కన బీసీఎం43142 లాంటిది పడితే మాత్రం కాస్త పనుంది. ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) కూడా ఒకసారి కొట్టు, హార్డ్ బ్లాక్డ్ దగ్గర ఎస్ (yes) అని ఉంటే డ్రైవర్‌కి సంబంధం లేదు, కీబోర్డు మీద వైఫై మీట ఆఫ్‌లో ఉన్నట్టే.

ఇప్పుడు నెట్ సంగతి. మొదటిసారి నేను డెబియన్ అనే ఇంకో లినక్స్ మీద పడ్డప్పుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని నెట్ సెంటర్‌కి మూడుసార్లు బండి తోలా, డ్రైవర్ ప్యాకేజీ తెస్తే, దాన్ని కెర్నల్‌కి తగ్గట్టు తయారుచేసే డీకేఎంఎస్ (DKMS) కావాలంది, అది తెస్తే దానికి కెర్నల్ హెడర్స్ అనే ఫైళ్లు కావాలంది, హెడర్స్ తెస్తే నా కెర్నల్ వెర్షన్‌తో కలవలేదు. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టుకుని మరీ తిరిగా చూడు, అదీ నా తెలివి! నువ్వు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్, ల్యాప్‌టాప్‌కి అది వైరు నెట్ లాగే కనపడుద్ది, డ్రైవర్ ఏమీ అడగదు. డేటా అయిపోద్దని భయం అక్కర్లేదు, ఫోన్ ఇంట్లో వైఫైకి కలిపి ఉంటే ఆ వైఫైనే కేబుల్‌లోంచి పంపుద్ది. టెథరింగ్ ఆప్షన్ నొక్కుడు పడకపోతే అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయ్యుంటది, వేరేది పెట్టు.

నెట్ రాగానే ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే యాప్ తెరువు, బ్రాడ్‌కామ్ పేరు దానంతటదే చూపిస్తది, టిక్ పెట్టి అప్లై కొట్టడమే. ఒకవేళ కేబుల్ కూడా దొరక్కపోతే, నువ్వు ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటు పెన్‌డ్రైవ్‌లో పూల్ అనే ఫోల్డర్ ఉంది చూడు, అందులో రెస్ట్రిక్టెడ్ ఫోల్డర్‌లోకి వెళ్తే బీసీఎండబ్ల్యూఎల్ (bcmwl) అనే బ్రాడ్‌కామ్ డ్రైవర్ ప్యాకేజీ దొరుకుద్ది, డీకేఎంఎస్ మెయిన్ ఫోల్డర్‌లో ఉంటది. చాలామంది దాన్ని చూడకుండా ఊరంతా వెతుకుతారు.

ఇంకోటి, ఇక్కడే అందరూ దెబ్బతింటారు. నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లని ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డ్రైవర్ ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటది, పెట్టి కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ చేశాక నీలం స్క్రీన్ వచ్చి పది సెకన్లు లెక్కపెడుద్ది, అప్పుడు టీ కోసం లేచెళ్లావంటే అయిపోయింది, డ్రైవర్ ఎక్కినట్టే ఉంటది గానీ పని చెయ్యదు. ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK), అంటే ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పేది ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టు.

అప్పటికీ రాకపోతే ఎల్ఎస్‌పీసీఐ పక్కన హైఫన్ ఎన్ఎన్ (lspci -nn) పెట్టి మళ్లీ కొట్టి, చివర బ్రాకెట్లో నంబర్లు కనపడేలా ఆ లైను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, రాత్రి చూస్తా.

మీ మామయ్య