శనివారం ఒక్క చోటికే వెళ్ళు

చిరంజీవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం బెంగళూరులో తిరగడానికి నువ్వు పంపిన ప్లాన్ చూశాను. పొద్దున మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ), మధ్యాహ్నం ప్యాలెస్ రోడ్డులో ఎన్‌జీఎంఏ (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్), సాయంత్రం చిత్రకళా పరిషత్, రాత్రి రంగశంకరలో నాటకం. అందులో మూడు కొట్టేయి నాన్నా. వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చి నాలుగూ తిరిగితే కాళ్ళనొప్పులూ, ఫోన్ నిండా ఫోటోలూ మిగులుతాయి. "మోడర్న్ ఆర్ట్ మనకి అర్థం కాదులే పెద్దమ్మా" అని మళ్ళీ అంటావు. బొమ్మ ముందు పది సెకన్లు నిలబడి కదిలిపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

మ్యాప్‌తో మొదలుపెట్టు. మీ మెట్రో పర్పుల్ లైన్ మీదే కబ్బన్ పార్క్ స్టేషన్ ఉంది. అక్కడ దిగి కస్తూర్బా రోడ్డుకు నడిచి వెళ్ళొచ్చు. 2023లో తెరిచిన భవనం అది. బయట గోడలన్నీ స్టీలు పలకలే, వాటి మీద ఇంటూ గుర్తుల్లా అచ్చులు ఉంటాయి. పాత రేకుల నీళ్ళ ట్యాంకులు గుర్తొస్తాయి. కట్టినవాళ్ళు కావాలనే అలా చేశారు. అక్కడ పెయింటింగులే ఉంటాయనుకోకు. వాళ్ళ సేకరణలో పాత ఫోటోలు, నేత బట్టలు, సినిమా పోస్టర్లు కూడా ఉన్నాయి.

లోపల ఒక్క ప్రదర్శన ఎంచుకో. మొదట బొమ్మల పక్కన వివరాలు రాసి పెట్టే చీటీలు ఏవీ చదవకుండా హాలంతా ఒకసారి నడిచెయ్యి. ఎక్కడో ఒకచోట కాలు దానంతటదే ఆగుతుంది. నచ్చే ఆగాలని లేదు, చిరాకేసి ఆగినా సరే. రెండో చుట్టులో నేరుగా అక్కడికే వెళ్ళి కుదురుగా చూడు. దగ్గరికి వెళ్ళి చూడు, వెనక్కి వచ్చి చూడు. ఆ తర్వాతే పక్కనున్న చీటీ చదువు. అందులో నేను ముందు చూసేది పేరు కాదు, దేనితో చేశారన్నది. రాగి పలక మీద గీసి ముద్రించారా, బట్ట మీద అద్దారా అన్నది తెలిస్తే, ఆ గీత అలా ఎందుకుందో సగం తెలిసినట్టే. "దీని అర్థం ఏమిటి?" అని పట్టుబట్టకు. నీ కంటికి ఏం కనిపిస్తోందో నీకు నువ్వు పైకి చెప్పుకో. రంగులు, మనుషులు, ఖాళీ వదిలిన చోటు. చెప్పుకుంటూ పోతే చాలా సంగతులు బయటపడతాయి.

మనవాళ్ళ పేర్లు కనిపిస్తే తప్పక ఆగు. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో, అంటే పలక మీద గీసి ముద్రించే బొమ్మల్లో, మేకలు, చెట్లు, పల్లె జనం ఉంటారు. తోట వైకుంఠం బొమ్మల్లో నుదుట పెద్ద ఎర్రబొట్టుతో తెలంగాణ ఆడవాళ్ళు ఉంటారు. ఇద్దరూ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఒకే గురువు, చేతులు మాత్రం ఎంత వేరో చూడు. మోడర్న్ ఆర్ట్ అంటే మనది కాదన్న భయం నాకు వీళ్ళ వల్లే పోయింది.

ఎన్‌జీఎంఏ ఇంకో నెలకు పెట్టుకో. మాణిక్యవేలు మాన్షన్ అనే పాత బంగళాలో 2009 నుంచి నడుస్తోంది. ఆవరణలో పెద్ద పెద్ద చెట్లున్నాయి. జనం పలచగా ఉండే పనిరోజున, సెలవు దొరికితే వెళ్ళు.

రంగశంకర సంగతి వేరు. దానికి ఒక సాయంత్రమంతా ఇవ్వాలి. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ 1990లో రోడ్డు ప్రమాదంలో పోయాక, నాటకాలకో మంచి హాలు కట్టాలన్న ఆయన కల పట్టుకుని భార్య అరుంధతి నాగ్ ఏళ్ళ తరబడి నిలబడి 2004లో దాన్ని తెరిచారు. ఒక మనిషిని తలుచుకోవడానికి ఇంతకంటే మంచి పని నేను చూడలేదు. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, జె.పి. నగర్‌లో దిగి ఆటో పట్టుకో. నాటకం మొదలయ్యాక ఎంతటివాళ్ళనైనా లోపలికి వదలరు. టికెట్ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర బతిమాలేవాళ్ళను చూశాను. ఆ నియమం నాకు చాలా ఇష్టం. నటుడికి దక్కాల్సిన మర్యాద అది. అందుకని 7:30 ఆటకి 6:30 కల్లా చేరిపో. ట్రాఫిక్ టెన్షన్ ఉండదు, క్యాంటీన్‌లో సగ్గుబియ్యం వడ వేడివేడిగా తినొచ్చు. పక్క టేబుల్ వాళ్ళు నిన్న చూసిన నాటకం గురించి వాదించుకుంటుంటే చెవి అటు వెయ్యి, తప్పులేదు. వీలైతే మాట కలుపు. ఫోన్ మాత్రం పూర్తిగా ఆపెయ్యి. ఆ చిన్న హాల్లో స్క్రీన్ వెలుగు అందరికీ కనిపిస్తుంది.

కన్నడ సరిగ్గా రాదని వెనకాడకు. మన చెవికి సగం మాటలు ఎలాగూ అందుతాయి. అందని చోట నటుల నడక, చేతులు, ఆగిన క్షణాలు చూడు.

పరిషత్‌కి జనవరిలో చిత్రసంతె రోజున వెళ్దువుగాని. కుమారకృపా రోడ్డుకు అటూ ఇటూ చిత్రకారులే కూర్చుని తమ బొమ్మలు అమ్ముకుంటారు. చిన్నదైనా సరే ఒకటి కొను, కొనేముందు వేసినవాళ్ళతో మాట్లాడు. కూరగాయల దగ్గర బేరమాడినట్టు మాత్రం ఆడకు. ఆ ధరలో వాళ్ళ నెలల పని ఉంటుంది.

ఈ శనివారం ఒక్కడివే వెళ్ళు. స్నేహితులుంటే వాళ్ళ నడకకు తగ్గట్టు నడవాల్సి వస్తుంది. ఏ బొమ్మ దగ్గర ఆగావో ఆదివారం ఫోన్‌లో చెప్పు, ఫోటో పంపకుండా మాటల్లోనే. రంగశంకర నాటకానికి వెళ్ళే రోజున మాత్రం రెండు టికెట్లు తియ్యి, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ
జయనగర్, బెంగళూరు