బార్‌లో కస్టమర్ అందరి ముందు గొడవ పెడితే పక్కకు పిలవాలా, అక్కడే జవాబివ్వాలా?

అక్కడే ఇవ్వాలి. కొత్తగా బార్ పెట్టిన మీరు ఈ ప్రశ్న అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ఒకాయన హాలు మధ్యలో లేచి అరిచాక మీరు ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్లారనుకోండి. మిగతా టేబుళ్లలో ఉన్నవాళ్లకు సగం కథే తెలుస్తుంది, అదీ మీకు నష్టం చేసే సగం.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్‌. బాపు కరీంనగర్ నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. బార్ నేనూ మా బావా కలిసి నడుపుతాం. 2015 ఏప్రిల్ 1న మా జిల్లాలో మద్యనిషేధం పెట్టినప్పుడు దించిన షట్టర్ మళ్లీ 2021లోనే ఎత్తాం. ఆ ఆరేళ్లూ జనం తాగడం మానలేదు. దొంగచాటుగా వచ్చింది, అసలుదో నకిలీదో తెలియనిది, రెట్టింపు ధర పెట్టి తాగారు. అందుకే ఇప్పటికీ సీసా సీలు తమ కళ్ల ముందే తీయమంటారు. దాన్ని అవమానంగా తీసుకునే యజమానులున్నారు. ఆరేళ్లు మోసపోయినవాళ్లు ఆ మాత్రం అడగరా?

బార్ మళ్లీ తెరిచిన మరుసటి ఏడాది, గనుల్లో జీతాలు పడిన వారం, శనివారం రాత్రి. హాలు నిండి ఉంది. రాజురా వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ కార్మికుడు, మేమంతా కాకా అని పిలుస్తాం, గ్లాసు పట్టుకుని లేచాడు. "ఏం శేఠూ, గిది అరవై ఎమ్మెల్ ఉన్నదా? నలభై ఏండ్ల సంది తాగుతున్న, నా చేతికి బరువు తెల్వదా?" అన్నాడు. కౌంటర్‌లో ఉన్న బావ వెంటనే, "కాకా, నీకు ఎక్కువైంది. బయటికి రా, మాట్లాడుకుందాం" అన్నాడు. అంతే, కాకా గొంతు ఇంకా పెరిగింది. పక్క టేబుల్ వాళ్లు తమ గ్లాసులు ఎత్తి లైటుకు పట్టి చూడటం మొదలుపెట్టారు. అది చూశాక నాకు చెమటలు పట్టాయి.

పక్కనున్న మెడికల్ షాపు నుంచి 20 మిల్లీలీటర్ల సిరంజి తెప్పించాను. కాకా టేబుల్ మీదే మా స్టీలు పెగ్ కొలత పెట్టి, సిరంజితో నీళ్లు పోశాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి సిరంజిలో ఇంకా ఐదు మిల్లీలీటర్లు ఉండగానే నీళ్లు అంచు దాటి టేబుల్ మీద పడ్డాయి. కాకా చెప్పింది నిజం. మేము అరవై అని అమ్ముతున్నది యాభై అయిదు.

ఐదే కదా అనుకోకండి. 750 ఫుల్ బాటిల్‌కు అరవై చొప్పున పన్నెండున్నర పెగ్గులు వస్తాయి. యాభై అయిదు చొప్పున పోస్తే పదమూడు దాటుతాయి. ఆ అదనపు పెగ్గు ఎవరో మింగుతున్నారని నా అనుమానం ముందు పోసే కుర్రాడి మీదికే పోయింది. కాగజ్‌నగర్ నుంచి వచ్చిన పిల్లవాడు, కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. కొలత తిప్పి చూస్తే అడుగున లోపలికి సొట్ట. సింకులో ఎప్పుడో కింద పడి ఉంటుంది. ఎన్ని రోజులుగా అలా పోశామో ఇప్పటికీ లెక్క తేలలేదు. ఆ కుర్రాడిని అనుమానించినందుకు కూడా అందరి ముందే క్షమించమన్నాను.

హాలు మధ్యలో నిలబడి తెలుగులో, మరాఠీలో, హిందీలో మూడుసార్లు చెప్పాను: కొలత తప్పింది, తప్పు మాది, పెగ్గులు తాగిన ప్రతి టేబుల్‌కూ మనిషికి ముప్పై మిల్లీలీటర్లు మా లెక్కలో. "మన పరువు మనమే తీసుకున్నం" అని బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఒప్పుకోను. ఆ రాత్రి ఒక్క టేబుల్ కూడా బిల్లు దగ్గర పేచీ పెట్టలేదు.

నాకు ఇప్పటికీ మండేది ఆ "నీకు ఎక్కువైంది" అన్న మాట. తాగినవాడు చెప్పే ఫిర్యాదుకు విలువ లేదని మన వ్యాపారంలో చాలామంది నమ్ముతారు. హోటల్‌లో సాంబారు పులిసిందంటే వింటారు, బార్‌లో పెగ్గు తగ్గిందంటే మనిషి తూలుతున్నాడా అని చూస్తారు. రోజూ అదే గ్లాసులో తాగేవాడికి తేడా మనకంటే ముందే తెలుస్తుంది. కాకా తర్వాత రెండు నెలలు రాలేదు. పెగ్గు తగ్గినందుకు కాదు, బావ అన్న ఆ మాటకు. నేను రాజురా వెళ్లి పిలుచుకొచ్చాను.

ఇక ధరల గొడవ వేరే. తెలంగాణ వైపు నుంచి రైల్లో దిగినవాళ్లు తమ ఊరి వైన్స్ ధరతో మా బిల్లు పోల్చి అరుస్తారు. మహారాష్ట్రలో బార్ మద్యం మీద వ్యాట్ 2023 నవంబర్‌లో 5 నుంచి 10 శాతం అయింది, 2025లో ఎక్సైజ్ కూడా పెంచారు. అది మా జేబులోకి రాదు. మూడు భాషల్లో రాయించి బిల్లు కౌంటర్ పక్కన అంటించాను, అరిచినవాళ్లను అక్కడికే తీసుకెళ్లి చదివిస్తాను.

ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లకూ అంతే, వాళ్లు ఎక్కడ రాశారో అక్కడే, ఏం జరిగిందో రాయండి. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని అందరికీ ఒకటే ముక్క అతికించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ మనిషి చికెన్ చల్లగా ఉందన్నాడు. ఆ చికెన్ గురించి చెప్పండి.

ఆ సొట్ట కొలతను పారేయలేదు. కౌంటర్ వెనుక మేకుకు వేలాడుతోంది. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడితోనూ మొదటి రోజు దాంట్లో సిరంజితో నీళ్లు పోయిస్తాను. మూడోసారి నీళ్లు పొర్లేటప్పుడు బావ కూడా వచ్చి పక్కన నిలబడతాడు.