గానుగల వాళ్లను ఒక్క చోటికి చేర్చాలంటే

అన్నా, అనంతపురం చుట్టుపక్కల గానుగ నూనె తీసే 12 మందితో వాట్సాప్ గ్రూపు పెడితే గుడ్ మార్నింగులు తప్ప ఏమీ రావట్లేదన్నారు కదా, ముందు ఆ గ్రూపు పక్కన పెట్టి అందరికీ ఖర్చయ్యే ఒక్క వస్తువు పట్టుకోండి. మేము ఖాళీ సీసాలతో మొదలుపెట్టాం, ఐదుగురం కలిసి ఆర్డరిస్తే రేటు తగ్గింది, బండి కిరాయీ పంచుకున్నాం. నెలకోసారి ఒక్కొక్కరి గానుగ దగ్గర కూర్చోండి. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కను చేత్తో నలిపి చూస్తే నూనె ఎంత మిగిలిపోతోందో అక్కడే తెలుస్తుంది, ఫోన్లో తెలియదు. అమ్మకం రేట్ల మాట మొదటి రోజే ఎత్తొద్దు, అనుమానాలొస్తాయి. రిజిస్ట్రేషన్ టెన్షన్ కూడా ఇప్పుడే వద్దు. ప్రొడ్యూసర్ కంపెనీకి, అంటే ఉత్పత్తిదారులే సభ్యులుగా పెట్టుకునే కంపెనీకి, 10 మంది ఉత్పత్తిదారులు చాలు, కానీ కేంద్రం 2020లో తెచ్చిన ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) పథకం సాయానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది రైతులుండాలని షరతు పెట్టారు. అందుకే మీకు కాయలిచ్చే రైతులనూ ఇప్పట్నుంచే పిలవండి.