బుజ్జీ, దగ్గరికెళ్లి తియ్యి

బుజ్జీకి,

జనవరిలో అండమాన్‌లోని హేవ్‌లాక్‌కి డైవింగ్‌కి వెళ్తున్నావని, ఈసారి కెమెరా కూడా నీళ్లలోకి తీసుకెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉందే. రాత్రంతా నిద్ర కూడా పట్టలేదు.

సెట్టింగుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రా ఫైల్‌లో, మాన్యువల్ మోడ్‌లో తియ్యి. షట్టర్ 1/125, ఎఫ్/8, ఐఎస్ఓ 200తో మొదలుపెట్టు. వెనక నీళ్ల నీలం షట్టర్‌తో మారుతుంది, ముందున్న చేప వెలుగు స్ట్రోబ్, అదే నీళ్లలో వాడే ఫ్లాష్, పవర్‌తో మారుతుంది. కెమెరా పెట్టే డబ్బా, అదే హౌసింగ్, మూతకుండే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా లోపలికి నీళ్లొస్తాయి. పడవలో హడావిడి పడకుండా ముందు రాత్రే ఏసీ గదిలో మూసి పెట్టుకో, అద్దానికి ఆవిరి కూడా పట్టదు.

ఎరుపు రంగు అయిదు మీటర్ల లోతుకే చాలావరకు పోతుంది. నీకూ చేపకూ మధ్య ఉన్న నీళ్లు కూడా రంగును తినేస్తాయి. అందుకే మూరెడు దూరం మంచిది, బారెడు దాటితే తియ్యకు. స్ట్రోబ్‌లను రెండు పక్కలకీ చాచి, లెన్స్ కంటే కాస్త వెనక్కి పెట్టి, కొంచెం బయటికి తిప్పు. లేకపోతే మధ్యలో తేలే నలుసులన్నీ తెల్లగా మెరుస్తాయి. మన రుషికొండ నీళ్లలో నువ్వు చూశావుగా.

నాతో చాలా ఏళ్లు డైవ్ చేసిన స్నేహితుడొకడు ఒకసారి ఒక తాబేలు వెంట పడ్డాడు. కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. అది దిబ్బ వాలు వెంట కిందికి దిగుతుంటే వీడూ దిగాడు. 18 మీటర్లు దాటకూడదని అనుకుని వెళ్లినవాళ్లం. నేను సిలిండర్ మీద టంగుమని కొడితే గానీ తల తిప్పలేదు. అప్పటికి లోతు 26 మీటర్లు, గేజ్‌లో చూస్తే సిలిండర్‌లో మిగిలిన గాలి 40 బార్ మాత్రమే! నా సిలిండర్ నుంచి గాలి అందించే రెండో రెగ్యులేటర్ వాడి నోట్లో పెట్టి, చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాను. అయిదు మీటర్ల దగ్గర భద్రత కోసం ఆగిన మూడు నిమిషాలూ వాడి వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఇంతా చేస్తే ఫొటోలో ఏముంది? దూరంగా నీలం రంగు తోక, చుట్టూ నలుసులు.

తాబేలును తరమకూడదమ్మా. గడ్డి మేస్తుంటే దానికి కాస్త ముందు, పక్కగా కదలకుండా ఉండు. భయపడకపోతే అదే దగ్గరికొస్తుంది. అప్పుడు కింద నుంచి పైకి తియ్యి, సూర్యుడి వెలుగు వెనక పడుతుంది.

కెమెరా కదలకూడదని ఊపిరి మాత్రం బిగబట్టకు. ఆ స్థితిలో పైకి తేలితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరుగుతాయి. చిన్నప్పుడు బావిలో ఊపిరి బిగబట్టి నన్ను ఏడిపించినట్టు కాదిది, వింటున్నావా? మొదటి రెండు డైవ్‌లకు కెమెరా పడవలోనే వదిలెయ్. ఇసుక లేవకుండా, పగడాలకు కాలి ఫిన్ తగలకుండా నిలకడగా తేలడం కుదిరాకే చేతిలోకి తీసుకో. రెండు ఫొటోలకోసారి గేజ్ చూడు, నీతో జంటగా దిగిన బడ్డీని చూడు. ఆఖరి డైవ్ తర్వాత 18 గంటలు గడిచాకే విమానం ఎక్కు.

నా ఫోకస్ టార్చి మీ అమ్మకు పంపుతున్నాను, బ్యాటరీలు మార్చుకో. రోజూ సాయంత్రం పైకి వచ్చానని ఒక ఫోన్ చెయ్యి తల్లీ, ఫొటోలు తర్వాత చూస్తాను.

మీ మావయ్య