మీ అమ్మమ్మ గారి గొంతు పట్టుకునే ముందు

కావలి

చిరంజీవి అమ్మడికి,

మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. వేసవి సెలవులకు కందుకూరు వెళ్ళి మీ అమ్మమ్మ గారి చేత ఆమె జీవిత కథంతా చెప్పించి ఫోనులో రికార్డు చేయాలనుకుంటున్నావనీ, అందుకోసం నలభై ప్రశ్నలు సిద్ధం చేసుకున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ప్రశ్నల కాగితం కూడా చదివాను. శ్రద్ధగా తయారు చేశావు, అందులో సందేహం లేదు. అయితే ఆ కాగితాన్ని కందుకూరు తీసుకుపోవద్దని చెప్పడానికే ఈ జాబు రాస్తున్నాను. "మీ బాల్యం ఎలా గడిచింది?" అని అడిగితే ఎనభై నాలుగేళ్ళ మనిషి "ఏముందమ్మా, అందరికీ ఎట్టా గడిచిందో నాకూ అట్టానే" అని ఒక్క ముక్కలో తేల్చేసి, అన్నం తిన్నావా అని నిన్నే ఎదురు ప్రశ్న వేస్తుంది. నలభై ప్రశ్నలూ పది నిమిషాల్లో అయిపోతాయి.

ఈ పనిలో నాకున్న అనుభవమంతా ఒక తప్పు వల్ల వచ్చిందే కనుక ముందు దాన్ని చెప్పుకుంటాను. 1980 సంక్రాంతికి మీ మామయ్య గారి తమ్ముడు కువైట్ నుంచి టేపు రికార్డరు తెచ్చాడు. ఆ నెలలోనే ఒక గంటసేపు గొంతు రికార్డు చేద్దామని కూర్చోబెడితే మా అమ్మ, అంటే నువ్వు చూడని మీ నాయనమ్మ, మొదట సిగ్గుపడి, తరువాత గొబ్బి పాటలూ, తలంటు పాటలూ, ఒక పొడవాటి అప్పగింతల పాటా ఒక అరవై నిమిషాల క్యాసెట్ నిండా పాడింది. ఆ ఫిబ్రవరిలోనే శంకరాభరణం విడుదలైంది. మొదట్లో జనం అంతగా లేని ఆ సినిమా నోటిమాట మీద ఎలా పుంజుకుందో ఆనాటివాళ్ళందరికీ తెలుసు. మా ఇంట్లో కూడా రోజంతా ఆ పాటలే. మరుసటి ఏడాది పక్కింటివాళ్ళ దగ్గర ఆ పాటలు దొరికితే, ఖాళీ క్యాసెట్ కొనే ఓపిక లేక, బీరువాలో చేతికందిన దాన్ని పెట్టి పట్టేశాను. అది అమ్మ పాడిన క్యాసెట్. అమ్మే గుర్తుపట్టి, "పోనీలేవే, మళ్ళీ పాడతాను" అన్నది. మళ్ళీ పాడించే తీరిక నాకు ఆమె బతికున్న ఆరేళ్ళలో దొరకలేదు. రెండో వైపున సినిమా పాటలు ముగిశాక మిగిలిపోయిన దాదాపు నాలుగు నిమిషాల టేపులో మాత్రం అప్పగింతల పాట చివరి చరణాలూ, ఆ తరువాత "ఇంక చాలమ్మా, పొయ్యి మీద పాలు పొంగతాయి" అన్న మాటా ఉన్నాయి. బాలసుబ్రహ్మణ్యం గారికి తొలి జాతీయ పురస్కారం తెచ్చిన ఆ పాటల మీద నాకు ఏ కోపమూ లేదు, ఇప్పటికీ వింటాను. క్యాసెట్ వెనక అంచున రెండు కొసలా ఉండే చిన్న ప్లాస్టిక్ రేకుల్ని విరిచేస్తే రికార్డు మీట కిందికి దిగదన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నీ పనికి వస్తాను. కథ అడగవద్దు, పాట అడుగు. అదీ నోటితో అడగనక్కరలేదు. ఫోనులో ఘంటసాల గారి "నమో వెంకటేశా" పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చో. మన పల్లెల్లో డేరా సినిమా హాళ్ళవాళ్ళు ఆట మొదలు కావడానికి ముందు మైకులో ఆ పాట వేసేవాళ్ళు. అది వినపడిందంటే ఇంట్లో ఆడవాళ్ళకు గడియారం మోగినట్టే. కూర దింపిందెవరు, పిల్లల్ని ఎత్తుకున్నదెవరు, అత్తగారికి ఏం చెప్పి బయటపడ్డారు, నేల టిక్కెట్టులో ఇసుకను కుప్పగా చేసుకుని దాని మీద కూర్చుంటే వెనకవాళ్ళు ఎలా తిట్టారు, రీలు తెగినప్పుడు చీకట్లో ఏం జరిగింది, ఇవన్నీ ఆ పాట వెనకే వస్తాయి. సినిమా కథ ఆమె చెప్పబోతే చెప్పనివ్వు, కానీ నీకు కావలసింది సినిమా కథ కాదు, పక్కన కూర్చున్నదెవరన్నదే. "ఎవరితో వెళ్ళారు?" అన్న ఒక్క ప్రశ్న నీ నలభై ప్రశ్నలకూ సమానం. ఆ జవాబులో పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళు వస్తారు, తరువాత ఆడబిడ్డలు వస్తారు, ఒకానొక చోట ఎవరూ రారు. ఆ చోట తొందరపడి ఇంకో ప్రశ్న వేయకు.

హరికథ గురించి కూడా అడుగు, సినిమాకు పంపని ఇళ్ళలో కూడా హరికథకు పంపేవాళ్ళు. నెల్లూరు చుట్టుపక్కల పెద్దవాళ్ళను కదిలిస్తే, బాలు గారి నాన్నగారు సాంబమూర్తి గారి హరికథ మా ఊళ్ళో విన్నామని చెప్పేవాళ్ళు తప్పకుండా కనిపిస్తారు. అన్ని ఊళ్ళలోనూ ఆయన చెప్పి ఉంటారా అని నువ్వు లెక్కలు వేయవద్దు. మీ అమ్మమ్మ గారు చెప్పిన మాటను ఆమె మాటగానే రాసిపెట్టుకో. ఎదురుగా కూర్చుని "అప్పటికి మీకు పెళ్ళే కాలేదు కదా" అని పట్టుకున్నావంటే, పెద్దవాళ్ళు అబద్ధమాడినట్టు చిన్నబుచ్చుకుని నోరు మూసుకుంటారు.

తేదీల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న పిల్లలందరూ ఇక్కడే పొరబడుతున్నారు. మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. కనుక మీ పెద్ద మామయ్య కడుపులో ఉండగా మాయాబజార్ చూశానని ఆమె అంటే, ఆయన 1957లోనో 1958లోనో పుట్టి ఉండాలని నువ్వు కాగితం మీద లెక్క వేస్తావు. కానీ మద్రాసులోనూ బెజవాడలోనూ ఆడిన ప్రింటు పల్లెలోని డేరా హాలుకు చేరడానికి నెలలు పట్టేది, ఒక్కోసారి ఏళ్ళు పట్టేది; అంతటి సినిమా మళ్ళీ మళ్ళీ వచ్చేది కూడా. కాబట్టి సినిమా విడుదల తేదీ "అంతకు ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది, "అప్పుడే" అని చెప్పదు. తేదీ నిజంగా పట్టుకోవాలంటే తుఫానులను అడుగు, ఎన్నికలను అడుగు, ఇంట్లో పురుళ్ళనూ చావులనూ అడుగు. జిల్లా పేరును నమ్ముకున్నా చిక్కే. కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది, ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది, 2022లో ఊరు తిరిగి నెల్లూరులో కలిసింది. మీ అమ్మమ్మ గారు ఇల్లు కదలకుండానే ఇన్ని మార్పులు చూశారు. ఆమె ఏ జిల్లా అంటే ఆ జిల్లాయే రాయి, దిద్దవద్దు. ఆమె ఏ కాలం గురించి మాట్లాడుతున్నదో ఆ పేరే నీకు చెబుతుంది.

మాటను కూడా దిద్దవద్దు. "యాడికి", "ఎట్టా", "ఏంది" అన్న మాటలను నువ్వు కాగితం మీదికి ఎక్కించేటప్పుడు "ఎక్కడికి", "ఎలా", "ఏమిటి" అని మార్చావంటే మిగిలేది నీ గొంతే. తెలుగు పంతులమ్మగా ముప్పై ఏళ్ళు పిల్లల నోట ఈ మాటలను దిద్దిన పాపం నాది కూడా ఉంది కనుక చెబుతున్నాను.

పెళ్ళి పాటలూ, లాలిపాటలూ చెప్పించుకునేటప్పుడు చదివించవద్దు, పాడించు. పాటగా వచ్చే చరణం వచనంగా అడిగితే రాదు, మధ్యలో తెగుతుంది. తెగినప్పుడు నువ్వు అందించకుండా, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోమను. చేతులకు పని ఉంటే ఇంకా మేలు. ఎదురుగా ఫోను పెట్టుకుని ఊరికే కూర్చున్న మనిషి పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుపోతుంది. అదే మనిషి చింతపండు గింజ తీస్తూ గంటన్నర మాట్లాడుతుంది. మా అమ్మ కూడా ఆ రోజు బియ్యం ఏరుతూనే పాడింది. టేపులో ఇప్పటికీ చాట చప్పుడు వినిపిస్తుంది.

యంత్రం సంగతి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు, అయినా నాలుగు మాటలు. ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టు, లేకపోతే ఎవరో పిలిచి సరిగ్గా మంచి ఘట్టంలో తెంపుతారు. దాన్ని చేత్తో పట్టుకోకుండా మడతపెట్టిన తువ్వాలు మీద, ఆమెకు మూరెడు దూరంలో ఉంచు. కాకి అరుపూ, పాలవాడి పిలుపూ ఉంటే ఉండనివ్వు, అవి ఆ ఇంటివి. ఫ్యాను చప్పుడు మాత్రం మాటను మొదటి నుంచి చివరి దాకా నమిలేస్తుంది. మే నెలలో కందుకూరులో ఫ్యాను కట్టేయమనడం దారుణం కాబట్టి తెల్లవారుజామున అయిదు గంటలకు అరుగు మీద కూర్చోండి. పెద్దవాళ్ళు ఎలాగూ అప్పటికే లేచి ఉంటారు, లేవవలసింది నువ్వే. మొదట తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారో నీ గొంతుతో చెప్పి మొదలుపెట్టు. ఒక విడత ముప్పావు గంట దాటనివ్వకు. అయిన వెంటనే మూడు చోట్ల దాచు, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. వాట్సాప్‌లో ఫోటోలను మామూలుగా పంపితే వాటి నాణ్యత తగ్గుతుంది కనుక, పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపు.

ఆమె గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెడితే ఫోను ఆపేసి, ఆపానని ఆమెకు చూపించు. పొలాల పంపకాలూ, పెళ్ళి సంబంధాల దగ్గర మాటపట్టింపులూ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. అవి వినడానికే కానీ కుటుంబం గ్రూపులో పెట్టడానికి కాదు.

పుస్తకాలు, ఫోటోలు కూడా బయటికి తీస్తావు కాబట్టి వాటి మాట కూడా చెబుతాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు మా పెంకులు లేచిపోయి, నాన్న పన్నెండేసి సంచికలు కలిపి బైండు చేయించిన చందమామలు నీళ్ళలో నానాయి. కంగారులో సగం తీసుకుపోయి ఎండలో పరిచాను, అవి అప్పడాల్లా వంకర్లు తిరిగి విరిగిపోయాయి. మిగిలిన సగం నీడలో నిలబెట్టి, నాలుగైదు పుటలకొక పాత పేపరు ముక్క పెట్టి, పూటకొకసారి ఆ పేపర్లు మారుస్తూ వచ్చాను. మరకలున్నా అవి ఇవాళ్టికీ చదవడానికి వస్తున్నాయి. చందమామలు కంప్యూటరులో దొరుకుతున్నాయి కదా, ఈ చెత్త ఎందుకని మీ అన్న అడిగాడు. కథలు దొరుకుతాయి. 1950ల నాటి సంచిక అంచున మా నాన్న రాసుకున్న పాల లెక్క, మా అక్క దిద్దిన ఓనమాలు, గుర్తు కోసం పెట్టి మరిచిపోయిన బిట్రగుంట రైలు టిక్కెట్టు ఎక్కడా దొరకవు. మీ అమ్మమ్మ గారి పెట్టెలోని పుస్తకాలను ముందు దులిపి చూడు, తరువాత చదువు.

ఫోటోల వెనక పేర్లు రాయించేటప్పుడు పెన్సిలు వాడు. బాల్ పెన్ను గీత ముందువైపుకు పొడుచుకు వస్తుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకవద్దు, అద్దంతో సహా అలాగే ఫోటో తీయించు. రాసేటప్పుడు "అమ్మమ్మ, పెదమ్మ, చిన్నత్త" అని వరసలు రాసి వదిలేస్తే నీ మనవరాలికి ఆ పెదమ్మ ఎవరో తెలియదు, ఇంటిపేరుతో సహా అసలు పేరు రాయి.

హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు సింగరాయకొండలో దిగిపోకుండా ఇంకాస్త ముందుకు వచ్చి కావలిలో దిగు. నాలుగు నిమిషాల టేపును కంప్యూటరులోకి ఎక్కించి ఉంచాను, నీకు ఒక ప్రతి ఇస్తాను. పాలు పొంగతాయన్న మాట దగ్గర కత్తిరించవద్దని ఎక్కించిన కుర్రవాడికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. ఒక రాత్రి ఉండి మర్నాడు కందుకూరు బస్సు ఎక్కు. ఈ ఏడాది చింతపండును గింజ తీయకుండా అయిదు కిలోలు పక్కన పెట్టాను. సంచీ బరువని విసుక్కోకుండా తీసుకుపోయి, ఇద్దరి మధ్యా చాట పెట్టి కూర్చో.

ఇట్లు,
మీ మేనత్త